కెప్టెన్ ఎడమ బూటు

క్లబ్బు వాళ్లు నన్ను అడిగింది ఒకే ఒక్క వాక్యం. కెప్టెన్ మోకాలు ఇంకో రెండు సీజన్లు తట్టుకుంటుందా, లేదా? నేను ఒక్క సాయంత్రంలో రాసిచ్చేశాను. ఒమన్‌లో పనిచేసిన ఇరవై ఆరేళ్లలో అంత ధీమాగా రాసిన రిపోర్టు ఇంకోటి లేదు. అంత తప్పుగా రాసిందీ లేదు.

ఫిజియోథెరపీ చదివి, గల్ఫ్ వెళ్లమంటారా అని సలహాకి మా ఇంటికి వచ్చే పిల్లలు కొందరున్నారు. జీతం గురించీ వీసా గురించీ వాళ్లకి నాకంటే బాగా తెలుసు. అందుకని నేను వాళ్లకి ఈ కథే చెబుతుంటాను. టీ చల్లారిపోతుంది గాని, మధ్యలో లేచి వెళ్లినవాళ్లు ఇంతవరకూ లేరు.

పగలు మస్కట్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో నా డ్యూటీ. నడుము నొప్పులు, మెడ నొప్పులు, పడి చెయ్యి విరిగిన ముసలమ్మలు. సాయంత్రం ఐదు దాటాక మా బాస్కెట్‌బాల్ క్లబ్బు. అక్కడ నన్నందరూ ‘దక్తూర్’ అనేవారు. నేను డాక్టర్ని కాదని మొదటి రెండేళ్లు చెప్పి చూశాను. ఆ తర్వాత ఊరుకున్నాను.

కెప్టెన్ పద్దెనిమిదేళ్ల వయసులో ఆ క్లబ్బులో చేరాడు. నేను చెప్పే నాటికి ముప్పై ఆరు. అంటే సగం జీవితం ఒకే రంగు జెర్సీలో గడిచింది. ఒమానీ, బలూచీ కుటుంబం. చిన్నప్పటినుంచీ మత్రా బజారులో మనవాళ్ల దుకాణాల చుట్టూ తిరిగినవాడు కాబట్టి హిందీ నాకంటే చక్కగా మాట్లాడేవాడు. మా ఇద్దరి మాటలూ ఆ భాషలోనే. అతను చాయ్ తాగడానికి కారు ఆపితే చాలు, పక్క కార్లలోంచి జనం దిగి ఫొటోలు తీసుకునేవారు. మా ఆవిడకి ఆపరేషన్ అయినప్పుడు హల్వా డబ్బా పట్టుకుని వచ్చి, ఆస్పత్రి వరండాలో నా పక్కన మూడు గంటలు కూర్చున్నాడు. లోపలినుంచి సర్జన్ వచ్చి అంతా బాగుందని చెప్పాక, లేచి నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

నా తప్పుకి బీజం అక్కడే పడింది.

ఆ ఏడాది సీజన్ ఆఖరుకి అతని ఎడమ మోకాలు బాగా ఇబ్బంది పెట్టింది. మోకాలిచిప్ప కింద పట్టీలా ఉండే టెండన్ వాచిపోయేది. ఎగిరి దిగిన ప్రతిసారీ మొహం ఒక్క క్షణం బిగుసుకునేది. అదే వేసవిలో కాంట్రాక్టు గడువు కూడా ముగిసింది. అతను ఇంకో రెండేళ్లు అడిగాడు. క్లబ్బు ప్రెసిడెంటు, మేమందరం రయీస్ అని పిలిచే పెద్దాయన, అతన్ని కొడుకులా చూసేవాడు. కాని ఆ ఏడాదే తూర్పు ఐరోపా నుంచి వచ్చిన కోచ్ అలా కాదు. మాట తక్కువ, ఈల ఎక్కువ. కొత్తవాళ్లతో జట్టు కట్టాలని అతని ఆలోచన.

ఒకరోజు కోచ్ నన్ను పక్కకి పిలిచి అన్నాడు. “నీకు అతను స్నేహితుడని నాకు తెలుసు. నాకు స్నేహం అక్కర్లేదు. నిజం కావాలి.”

ఆ మాట గుచ్చుకుంది. పక్షపాతం చూపిస్తున్నానని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయం పట్టుకుంది. ఆ భయంతోనే మోకాలిని పరీక్షించాను. బల్ల మీద పడుకోబెట్టి వంచాను, నొక్కాను, బలం చూశాను. స్కాన్ తీయించాను. టెండన్ అరుగుదల స్పష్టంగా కనబడింది. “రెండు సీజన్లే కాదు, ఒక పూర్తి సీజన్ కూడా ఈ మోకాలు తట్టుకోలేదని నా అభిప్రాయం” అని రాసి సంతకం పెట్టాను. అది నిజాయితీ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, స్నేహితుడి విషయంలో కఠినంగా ఉన్నానని నలుగురికీ తెలియాలన్న తాపత్రయమే అందులో ఎక్కువ.

రిపోర్టు క్లబ్బు కమిటీకి పంపేముందు అతనికి చూపించాను. అది మర్యాద. అతను నిలబడే చదివాడు.

“ఇది నువ్వే రాశావా?”

“నేనే.”

“చెయ్యి వణకలేదా?”

“లేదు.”

“మంచిది. వణికే చేత్తో రాస్తే నమ్మేవాణ్ణి కాదు” అన్నాడు. కాగితం జాగ్రత్తగా మడిచి నాకిచ్చి, కరచాలనం చేసి, కొద్దిగా కుంటుతూ వెళ్లిపోయాడు. కోప్పడితే బాగుండుననిపించింది.

కమిటీ సమావేశం సోమవారం. అంతకుముందు శుక్రవారం ఉదయం చర్చికి వెళ్లి, ఆరాధన అయ్యాక మస్కట్ శివార్లలోని అల్ అమెరాత్ వెళ్లాను. మా క్లబ్బులో బంతులు, జెర్సీలు, బూట్లు చూసుకునే ఆయన భోజనానికి రమ్మన్నాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. మొదట సైట్లో తాపీ పనికి వచ్చి, నడుము పట్టేశాక మా క్లబ్బులో చేరాడు. ఎప్పటినుంచో పిలుస్తున్నాడు, నేనే వాయిదా వేస్తూ వచ్చాను. రిపోర్టు ఇచ్చిన మర్నాడు ఇంట్లో కూర్చోలేక, సరేనన్నాను.

ఆ రూమ్‌లో ఆరుగురు ఉంటారు. అందరూ కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లు. బగార అన్నం, మటన్ కూర ఘుమఘుమలాడుతున్నాయి. చెప్పులు విప్పుతూ గుమ్మం పక్కన చూశాను. బాస్కెట్‌బాల్ బూట్లు, మూడు జతలు. పడవల్లాంటి సైజు.

“ఇవెక్కడివయ్యా?” అన్నాను.

“కెప్టెన్ సాబ్‌వి సార్. సీజన్ అయినంక పారేస్తరు గద, నేనే తెస్త. బూటు ముక్కుల బట్ట కుక్కి మావోళ్లు వాలీబాల్ ఆడుతరు” అని నవ్వాడు.

లోపలినుంచి ఒకాయన, ఇంకా సైట్‌లో మేస్త్రి పనే చేస్తున్నట్టున్నాడు, కేకేశాడు. “ఆయినవి ఇంక తేకు అన్నా! ఎడమ బూటు ఊకె పోతది. వేరేటోళ్లవి తే!”

నేను వంగి ఒక జత చేతిలోకి తీసుకున్నాను. కుడి బూటు అడుగు బాగానే ఉంది. ఎడమ బూటు ముందుభాగం మాత్రం నున్నగా అరిగిపోయి ఉంది. మడమ దగ్గర అచ్చులు కొత్తవాటిలా ఉన్నాయి. రెండో జత చూశాను. అలాగే. మూడోదీ అలాగే.

“అన్ని జతలూ ఇలాగేనా?”

“అన్నీ గట్లనే సార్. మిగతా ప్లేయర్లవి రెండూ ఒక్కతీర్గ అరుగుతయి. ఈయినది ఎడమ కాలు మడిమె నేల మీద ఆనదు. ముందటికెల్లే అంత బరువు. అయిదారేండ్ల సంది సూస్తున్న.”

“అంతకుముందు?”

“అంతకుముందు మంచిగనే ఉండె.”

“ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేంటయ్యా?” నా గొంతు నాకే కరుకుగా వినబడింది.

ఆయన నొచ్చుకోలేదు. “మీరు బూట్ల సంగతి అడగలే గద సార్. కాలు సంగతి మీకు నాకన్న ఎక్కువ ఎరుకుంటది అనుకున్న.”

బగార అన్నం రుచి నాకు గుర్తులేదు. రెండుసార్లు వడ్డించుకున్నానని తర్వాత ఆయనే చెప్పాడు. తింటున్నంతసేపూ నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఆరేళ్ల కిందట ఏం జరిగింది?

జరిగింది నాకు తెలుసు. ఫైనల్‌కి పదిరోజుల ముందు అతని ఎడమ చీలమండ మెలికపడింది. వాపు తగ్గించి, గట్టిగా టేపు చుట్టి ఆడించాం. కప్పు గెలిచాం. నొప్పి పోయింది కాబట్టి నేనూ అతనూ దాన్ని మర్చిపోయాం. ఆ టేపు చుట్టింది నేనే. నొప్పి పోవడం వేరు, కీలు మునుపటిలా వంగడం వేరు అని కాలేజీ మొదటి సంవత్సరంలోనే చెబుతారు. ఆ రెండో పని నేను చేయలేదు. ఆ చీలమండ అప్పటినుంచీ బిగుసుకుపోయే ఉంది. ఎగిరి దిగినప్పుడు అది వంగాల్సినంత వంగక, ఆ అదురంతా పైకి, మోకాలికి వెళుతోంది. నేనేమో ఆ మోకాలిని బల్ల మీద పడుకోబెట్టి చూశాను. బల్ల మీద ఎవరూ ఎగరరు, దిగరు.

మర్నాడు ఉదయం కెప్టెన్‌ని క్లబ్బు హాలుకి రమ్మన్నాను. వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. బూట్లు విప్పి గోడ దగ్గర నిలబడమన్నాను. పరీక్ష చాలా తేలిక. మడమ లేపకుండా మోకాలు ముందుకు వంచి గోడకి తాకించాలి. తాకితే పాదాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ పోవాలి. కుడికాలు నా అరచేయంత దూరం నుంచి కూడా సులువుగా తాకించాడు. ఎడమకాలు రెండు వేళ్ల వెడల్పు జరిగేసరికి మడమ లేచిపోయింది.

“ఇంకోసారి” అన్నాను.

మళ్లీ లేచింది. అతను తన పాదాన్ని ఎవరిదో వస్తువు చూసినట్టు చూసుకున్నాడు.

ఎగిరి దిగమని ఫోన్లో వీడియో తీసి, స్లో మోషన్‌లో చూపించాను. కుడికాలు మెత్తగా దిగుతోంది. ఎడమకాలు మునివేళ్ల మీద కర్రలా దిగుతోంది. నేను నేల మీద అతని పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆ ఫైనల్ సంగతీ, టేపు సంగతీ, రిపోర్టు ఎంత తొందరపడి రాశానో కూడా. మాటలు వెతుక్కుంటుంటే హిందీ మరీ అధ్వానంగా వచ్చింది.

అతను ఎడమ చీలమండని చేత్తో తడిమి చూసుకున్నాడు. తర్వాత అడిగాడు. “అంటే ఆరేళ్లుగా చీలమండ డ్యూటీ కూడా మోకాలే చేస్తోందా?”

“అవును.”

“ఓవర్‌టైం!” అని పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక మొహం గంభీరంగా మారింది. “దక్తూర్, ఇది సోమవారం వాళ్ల ముందు చెబుతావా? లేక నాకొక్కడికేనా?”

చెబుతానన్నాను. అన్నానే గాని, ఇంటికొచ్చేసరికి ధైర్యం సడలింది. కోచ్ మొహం కళ్లముందు కదిలింది. స్నేహితుడి కోసం మాట మార్చాడంటాడు. క్లబ్బులో నా ఉద్యోగమే పోవచ్చు. ఆ మాట క్లినిక్‌దాకా పాకితే అక్కడ కూడా పేరు పోతుంది. మా ఆవిడ స్టాఫ్ నర్సు, ముప్పై ఏళ్ల సర్వీసు. డ్యూటీ నుంచి వచ్చి యూనిఫామ్ కూడా మార్చుకోకుండా నా మాటలన్నీ విన్నది.

“ఏవండీ, వార్డులో మేం తప్పు రాస్తే ఏం చేస్తామో తెలుసా? తెల్లసిరా పూసి చెరపం. ఆ మాట మీద ఒక్క గీత గీస్తాం. కింద రాసింది కనబడుతూనే ఉండాలి. పక్కన సరైంది రాసి సంతకం పెడతాం. అంతే.”

“ఊరంతా నవ్వుతారే.”

“నవ్వనివ్వండి. మూడు రోజులు నవ్వుతారు. మీరు చెప్పకపోతే ఆ అబ్బాయి మాత్రం ఇంక ఎప్పటికీ ఆడడు. రెండూ ఒకటేనా?” అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ దృష్టిలో ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

సోమవారం సాయంత్రం క్లబ్బు మజ్లిస్‌లో, అంటే పెద్దలు కూర్చుని మాట్లాడుకునే గదిలో, కూర్చున్నాం. ఖర్జూరాలు, ఖహ్వా అనే అరబ్బు కాఫీ తిరుగుతున్నాయి. రయీస్ మధ్యలో, కోచ్ అతని ఎడమవైపు, ఇంకో ఇద్దరు సభ్యులు. కెప్టెన్ బయట వరండాలో ఉన్నాడు. నా రిపోర్టు నకలు అందరి చేతుల్లోనూ ఉంది. రయీస్ గొంతు సవరించుకుని, “దక్తూర్ రాసింది చదివాం, బాధగా ఉంది గాని…” అని మొదలుపెట్టాడు.

నేను లేచి నిలబడ్డాను. అలా నిలబడాల్సిన పని లేదు, ఎందుకు నిలబడ్డానో తెలీదు. నా కాపీ తీసి, ఆ వాక్యం మీద పెన్నుతో ఒక గీత గీశాను. పక్కన సంతకం పెట్టి బల్ల మీద ఉంచాను.

“ఇది తప్పు. తప్పు నాది” అని మొదలుపెట్టి, రూమ్ నుంచి అడిగి తెచ్చుకున్న బూట్లు సంచిలోంచి తీశాను. మజ్లిస్‌లో పాతబూట్లు బల్ల మీద పెట్టకూడదని నాకు తెలుసు. కింద కార్పెట్ పక్కన వరసగా పెట్టాను. మూడు జతలు, మూడేళ్లవి. వీడియో చూపించాను. ఆరేళ్ల కిందటి సంగతి దాచకుండా చెప్పాను.

రయీస్ కళ్లద్దాలు పెట్టుకుని బూట్లు చూస్తుండిపోయాడు. కోచ్ మాత్రం నన్నే చూస్తున్నాడు.

“గురువారం నువ్వు కచ్చితంగా చెప్పావు. ఇవాళ కచ్చితంగా దానికి వ్యతిరేకం చెబుతున్నావు. వచ్చే గురువారం ఏం చెబుతావు?”

న్యాయమైన ప్రశ్న. నేను కోచ్ వైపు తిరిగాను. “ఇవాళ నేను కచ్చితంగా ఏమీ చెప్పడం లేదు. ఆ టెండన్ అరుగుదల నిజమే, అది కొత్తదైపోదు. కాని దానిమీద పడే అదనపు బరువు తీసేయగలిగితే ఎంతవరకూ ఆడగలడో నాకు ఇంకా తెలీదు. పది వారాలు ఇవ్వండి. అప్పుడు కూడా నా మాట నమ్మొద్దు. మీరే దగ్గరుండి అతన్ని ఆడించి చూడండి.”

రయీస్ కెప్టెన్ని లోపలికి పిలిపించాడు. అతను వచ్చి, నేల మీద వరసగా ఉన్న తన పాతబూట్లు చూసి ఆగిపోయాడు. సిగ్గో నవ్వో తెలీని ఒక భావం మొహంలో కదిలింది.

“రెండేళ్లు వద్దు” అన్నాడు కూర్చోకుండానే. “ముందు ఈ పది వారాలు ఇవ్వండి. ఈ కాలి మీద దిగలేకపోతే మీరు చెప్పక్కర్లేదు. నేనే వచ్చి చెబుతాను.”

కోచ్ ఇంగ్లీషులో అన్నాడు. “దిగగలిగినా నువ్వు మ్యాచ్ నలభై నిమిషాలూ ఆడవు. సగం కూడా ఆడవు. మొదట బెంచీ మీద కూర్చుంటావు. ఒప్పుకుంటావా?”

గదిలో ఖహ్వా పోసేవాడు కూడా ఆగిపోయాడు. పద్దెనిమిదేళ్లుగా ప్రతి మ్యాచ్‌లో మొదటి అయిదుగురిలో ఉన్న మనిషి. జాతీయ జట్టుకి ఆడినవాడు. రయీస్ తల దించుకున్నాడు, జవాబు వినలేనట్టు.

కెప్టెన్ మెడ వెనక చెయ్యి రాసుకున్నాడు. “బెంచీ మీద కూర్చోవడం నాకు రాదు” అన్నాడు. చెయ్యి దించి, “నేర్చుకోవాలి” అన్నాడు.

కోచ్ మొదటిసారి నవ్వడం అప్పుడే చూశాను. పళ్లు కనబడలేదు గాని, నవ్వే అది.

ఆ పది వారాల సంగతి వివరంగా చెబితే మీకు నిద్రొస్తుంది. బిగుసుకున్న కీలుని రోజూ చేత్తో సడలించడం, మెట్టు అంచున మడమ దించి నిలబెట్టడం, తెల్లవారాక ఎండ ముదరకముందే సముద్రం ఒడ్డున తడి ఇసుకలో నడిపించడం. వారానికోసారి గోడ పరీక్ష. జగిత్యాల ఆయనే కొలిచేవాడు, నేను చూస్తే ఆశతో ఎక్కువ కొలుస్తానని ఆయనకి అనుమానం. “రెండే వేళ్లు సార్” అనేవాడు మొదటివారం. రెండోవారమూ రెండే. మూడు, నాలుగు వారాలూ రెండే. నాలుగోవారం కెప్టెన్ టవల్ నేలకేసి కొట్టి, నాలుగు రోజులు కనబడలేదు. నేను ఫోన్ చేయలేదు. చేయడానికి నాకేం మొహముంది? జగిత్యాల ఆయనే చేశాడు. ఏం మాట్లాడాడని అడిగితే, “ఏం లేదు సార్. మా మేస్త్రి కొత్త జత అడుగుతుండు, ఈ పారి ఎడమది గట్టిగుండాలె అంటుండు అని చెప్పిన” అన్నాడు. అయిదోరోజు కెప్టెన్ వచ్చేశాడు.

ఏడోవారం, “మూడు” అన్నాడాయన. ఇంకోసారి కొలిచాడు. “మూడుకి కొంచెం ఎక్కువనే ఉంటది.” పదోవారానికి నాలుగు వేళ్లయింది. మోకాలి వాపు చాలావరకు తీసింది. నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని నేను అననూ లేదు. కోచ్ రెండు ప్రాక్టీస్ మ్యాచ్‌లు పక్కనే నిలబడి చూశాడు. ఆ వారమే ఒక ఏడాదికి కాంట్రాక్టు సంతకమైంది. కోచ్ మెచ్చుకోలుగా నాతో ఏమీ అనలేదు గాని, అప్పటినుంచీ కొత్త ఆటగాడెవరొచ్చినా, “ముందు దక్తూర్ దగ్గర దూకి చూపించు” అనేవాడు. నా రిపోర్టుల్లో అప్పటినుంచీ ఒక మార్పు వచ్చింది. ‘తట్టుకోలేదు’ అని రాసేముందు, నేను ఏమేం చూడలేదో ఒక వరస రాయడం మొదలుపెట్టాను. ఒక్కోసారి ఆ వరసే రిపోర్టు కంటే పొడుగయ్యేది.

అతను ఆ ఏడాదీ, ఆ పై ఏడాదీ ఆడాడు. రెండో ఏడాది చివర్లో తనంతట తానే చాలనుకున్నాడు. ఎవరూ రిపోర్టు అడగాల్సిన అవసరం రాలేదు.

కాని నాకు బాగా గుర్తున్నది ఆ సీజన్ మొదటి మ్యాచ్. మొదటి భాగమంతా అతను బెంచీ మీదే ఉన్నాడు. మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని కొత్తవాళ్లకి కేకలు వేస్తూ, ప్రేక్షకులు తన పేరు పిలుస్తున్నా తల తిప్పకుండా కూర్చున్నాడు. రెండో భాగంలో కోచ్ వేలు చూపించాడు. అతను లేచి వెళ్లాడు. రెండు నిమిషాల్లోనే బంతి అతని చేతికొచ్చింది. ఎగిరాడు.

హాలంతా బంతి వెంట చూస్తోంది. నేను నేల చూస్తున్నాను. ఎడమ పాదం వేళ్ల మీద దిగి, మెత్తగా మడమ ఆనింది, చీలమండ వంగింది, ఆ తర్వాతే మోకాలు. నేను పట్టుకున్న నీళ్ల సీసా చేతిలోనే నలిగిపోయింది. పైన పెద్ద కేకలు లేచాయి కాబట్టి బంతి బుట్టలో పడిందనుకున్నాను.

వెనక్కి పరుగెత్తుతూ మా బెంచీ పక్కనుంచి వెళ్లేటప్పుడు అతను నన్ను చూశాడు. ఇంకా నేలకేసే చూస్తున్న నన్ను. “దక్తూర్!” అని అరిచాడు. “కాలు చాలు, ఆట చూడు!”